ఏడుగురు తాతల లెక్క

"కజక్‌ల గురించి తెలుసుకోవాలంటే కజక్‌స్తాన్ వెళ్లాలి గానీ అమెరికా ఎందుకు వెళ్లావు?" అని తిరిగొచ్చిన దగ్గర్నుంచి చాలామంది అడిగారు. వెళ్లే ముందు గ్రాంటు ఇచ్చిన వాళ్లూ ఇదే అడిగారు. వాళ్లకు పన్నెండు పేజీల జవాబు రాసిచ్చాను. మీకు నాలుగు ముక్కల్లో చెప్తాను.

నేను విశాఖపట్నంలో మానవశాస్త్రం పాఠం చెప్తాను. పరిశోధన చేసే రోజుల్లో రెండేళ్లు అల్మాతీలో ఉండి రష్యన్ బాగా, కజక్ కొంచెం నేర్చుకున్నాను. అక్కడ ప్రతి బిడ్డకూ తండ్రి వైపు ఏడు తరాల తాతల పేర్లు నోటికి రావాలి. అబ్బాయికీ అమ్మాయికీ ఉమ్మడి తాత ఉండి, ఆయన ఇద్దరిలో ఒక్కరికైనా ఆ ఏడు తరాల్లో తగిలితే పెళ్లి చెయ్యరు. సొంత ఊళ్లో ఉంటే అడగడానికి పెద్దవాళ్లు ఉంటారు. బతుకు వెతుక్కుంటూ ఖండాలు దాటి పోయినవాళ్లు ఈ పేర్లను ఏం చేసుకున్నారు? 2012 అక్టోబరులో ఆ ప్రశ్న పట్టుకుని నెల రోజులు అమెరికాలో తిరిగాను.

ఇందులో మనుషుల పేర్లు మార్చాను, ఊళ్ల పేర్లు మార్చలేదు. సంబంధించిన వాళ్లు రాసుకోమన్నాకే రాస్తున్నాను.

ఎడిసన్

మొదటి నాలుగు రోజులు మా పిన్ని కొడుకు శ్రీధర్ ఇంట్లో ఉన్నాను. వాళ్ల మామగారు సుబ్బారావు గారు తెనాలిలో హెడ్మాస్టరుగా రిటైరై, ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చారు. అప్పటికి రెండు నెలలే అయింది. మాట్లాడే మనిషి దొరికితే వదలడం లేదు.

"ఇక్కడ ఇంతమంది తెలుగువాళ్లం ఉండగా, ఆ కజక్‌ల మీద పడ్డావేమ్మా?" అన్నారు.

"మనవాళ్ల మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారండీ."

ఏడు తరాల సంగతి చెబితే ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. మూడో వేలు దగ్గర ఆగిపోయారు. "నాకు మూడే వచ్చు. అవి కూడా తద్దినాల పుణ్యమే. నాలుగో ఆయన ఎవరో, ఎక్కడివాడో ఎవరూ చెప్పలేదు" అన్నారు. మడిచిన వేళ్ల వంక చూసుకున్నారు. తన చిన్నతనంలో అడగాల్సినవాళ్లు ఇంట్లోనే ఉన్నారని గుర్తొచ్చినట్టుంది.

ఆ సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డుకి దోసెలు తినడానికి వెళ్లాం. మెనూలో మసాలా దోసె ఎనిమిది డాలర్లని చూసి ఆయన పెదవులు కదిలాయి. "రూపాయల్లోకి మార్చకండి మావయ్యా, ఆకలి పోతుంది" అన్నాడు శ్రీధర్. అప్పటికే మార్చేశారు. సగం దోసె నా ప్లేటులోకి వచ్చింది.

బ్రైటన్ బీచ్

ఎడిసన్ నుంచి న్యూయార్క్ దాకా రైలు, అక్కడి నుంచి సబ్‌వే పట్టుకుని సముద్రం అడ్డొచ్చేదాకా పోతే బ్రైటన్ బీచ్. దుకాణాల బోర్డులన్నీ రష్యన్‌లో ఉన్నాయి. నాకు తోడుగా వచ్చిన శ్రీధర్ దిక్కులు చూస్తుంటే నేను చదివి చెప్పాను. అమెరికాలో దిగాక మొదటిసారి నాకు చదువు వచ్చనిపించింది.

అక్కడ సౌలే అనే ఆవిడ జుట్టు కత్తిరించే షాపులో పని చేస్తుంది. అల్మాతీ రోజుల నుంచి నాకు తెలుసు. షాపు వెనక గదిలో పాలు పోసిన టీ ఇచ్చింది. చెవులు లేని చిన్న గిన్నెలో, సగమే. శ్రీధర్ ఆ సగం గిన్నె వంక చూసి, "అక్కా, మనం రావడం ఇష్టం లేదా ఏంటి?" అని తెలుగులో గొణిగాడు. ఇష్టం ఉంటేనే సగం పోస్తారు. త్వరగా అయిపోవాలి, మళ్లీ మళ్లీ పోయాలి, ఆ వంకన మనిషి ఇంకాసేపు కూచోవాలి. నిండా పోసి ఇస్తే లేచి వెళ్లమని. మన ఇళ్లల్లో సగం గ్లాసు ఇస్తే ఆ కథ రెండు తరాలు చెప్పుకుంటారు.

"నీ కొడుక్కి ఏడుగురు తాతలూ వచ్చా?" అని సౌలేని అడిగాను.

"రెండో తాత దాకా వచ్చు. అక్కణ్నుంచి బేస్‌బాల్ ఆటగాళ్ల పేర్లు చెప్తాడు" అంది. నవ్వింది గానీ అద్దం వైపు తిరిగి నవ్వింది. తర్వాత హెర్న్‌డన్‌లో ఉండే మరాత్ ఫోన్ నంబరు రాసిచ్చి, "పేర్లు కావాలంటే ఆయన దగ్గరికి వెళ్లు. ఏడడిగితే పది చెప్తాడు" అంది.

హెర్న్‌డన్

వాషింగ్టన్‌లో బస్సు దిగేసరికి మరాత్ తన టాక్సీ తెచ్చి నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గరి మనిషి. సొంత దేశంలో భూగర్భ శాస్త్రవేత్త. ఇక్కడ పదమూడేళ్లుగా డల్లెస్ ఎయిర్‌పోర్టులో టాక్సీ నడుపుతున్నాడు. దారిలో రోడ్డు కోసం తవ్విన గుట్ట కనిపిస్తే బండి నెమ్మది చేసి, ఆ రాయి వయసెంతో చెప్పాడు.

అపార్ట్‌మెంటు తలుపు తీసిన ఆయన భార్య గుల్‌నార్ నన్ను చూసి, "రా రా, కూచో. అన్నం తిన్నావా?" అంది, తెలుగులో.

నేను గడప మీదే ఆగిపోయాను. ఆవిడ నాలుగేళ్లుగా ఒక తెలుగు ఇంట్లో కవల పిల్లల్ని చూసుకుంటోందట. తల్లీ తండ్రీ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్తులు. పిల్లలకు తినిపించడానికి, స్నానం చేయించడానికి, నిద్రపుచ్చడానికి ఎన్ని మాటలు కావాలో అన్నీ నేర్చుకుంది. ఆవిడ తెలుగులో 'మీరు' లేదు. ఆ రెండు రోజులూ నన్ను "పప్పు తిను", "కాళ్లు కడుక్కో", "అల్లరి చెయ్యకు" అంటూనే గడిపింది. నా నలభై ఆరేళ్ల వయసులో నాతో అలా మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు. నాకు బాగానే ఉంది.

మధ్యాహ్నం మాంసం ముక్కలు వేసిన వెడల్పాటి పిండి రొట్టెల పులుసు వండింది. అక్కడైతే గుర్రపు మాంసం. ఇక్కడ దొరకదు కాబట్టి గొడ్డు మాంసం. నేను శాకాహారినని సౌలే ముందే చెప్పిందట, నాకు విడిగా బంగాళాదుంపలు వేయించి పెట్టింది.

భోజనం అయ్యాక మరాత్ నా కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన చెప్పేది ఇంకెవరికీ చెప్పనని నేను రాసిచ్చే కాగితం అది. తర్వాత చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తన కూతురు ఐజాన్ నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి తను, రెండు తన తండ్రి. అలా పది పేర్లు చెప్పాడు, కొన్నిటికి కథలతో సహా. ఎనిమిదోవాడు బైమురత్. మంచు తుపానులో మంద చెదిరిపోతే మూడు రోజులు వెతికి తోలుకొచ్చాడట. మంద దక్కింది గానీ ఒక పాదం పోయింది. అప్పటి నుంచీ కుంటి బైమురత్ అనేవారు.

"మీ ఇళ్లల్లో ఎన్ని తరాలు చూస్తారు?" అని మరాత్ అడిగాడు. మా అమ్మ మా నాన్నకు సొంత అక్క కూతురని చెప్పాను. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలేనన్నాను. గుల్‌నార్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మరాత్ మర్యాదస్తుడు. చాలాసేపు నేల వంక చూసి, "మీ దేశంలో బహుశా వేసవి ఎక్కువ" అన్నాడు.

మర్నాడు ఐజాన్ నన్ను షాపింగ్‌కి తీసుకెళ్లింది. పాతికేళ్ల పిల్ల, ఆసుపత్రిలో నర్సు. టీచర్లను వాళ్లు 'అపాయ్' అంటారు. ఆ పిల్ల కారు నడుపుతూ మాటమాటకీ "అపాయ్, అపాయ్" అంటుంటే, తెలుగు చెవికి అది సగంలో ఆగిన హెచ్చరికలా వినిపించింది.

"అపాయ్, నెక్స్ట్ మీరు అరోరా వెళ్తున్నారు కదా. అక్కడ దనియార్ అని ఒకతను..." అని ఆగింది. తర్వాత అంతా చెప్పింది. రెండేళ్ల కిందట వాషింగ్టన్‌లో కజక్ కుటుంబాల పిక్నిక్‌లో కలిశారు. పెళ్లి చేసుకోవాలనుకున్నారు. మరాత్ కాదనలేదు. అతని ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉంది, వచ్చే ఆదివారం ఆవిడకి ఫోన్ చేసి ఏడుగురి పేర్లు వింటానన్నాడు.

"ఒక్క పేరు కలిస్తే?"

"ఒప్పుకోరు. కోప్పడరు, అరవరు. ఒప్పుకోరంతే."

"నీకు నమ్మకం ఉందా దీని మీద?"

"లేదు అపాయ్. ఐ యామ్ ఎ నర్స్. ఏడు తరాల వెనక కలిస్తే ఏమీ కాదని నాకు తెలుసు." సిగ్నల్ దగ్గర కారాపింది. "కానీ మా నాన్న రాళ్లు చదివిన మనిషి. నా కోసం ఇక్కడ టాక్సీలో సూట్‌కేసులు మోశారు. నన్ను ఇదొక్కటే అడిగారు. దీనికి నో చెప్పి నేను వెళ్లలేను."

దిగేటప్పుడు పెద్దావిడకి ఇమ్మని ఒక మూట ఇచ్చింది. లోపల ఉన్ని శాలువా, ఒక సంచీ నిండా ఎండబెట్టిన పెరుగు ఉండలు.

డల్లెస్

ఆ ఉండలు తెల్లగా, గట్టిగా, ఉప్పగా ఉంటాయి. మన మజ్జిగ మిరపకాయల నుంచి మిరపకాయ తీసేస్తే మిగిలేలాంటి రుచి. ఎయిర్‌పోర్టులో నా సంచీ తెరిచిన సెక్యూరిటీ ఆయన ఒకటి పైకి తీసి ఏమిటన్నాడు. పెరుగన్నాను. పెరుగైతే ద్రవం కదా, చేతి సామానులో కుదరదన్నాడు. అది ద్రవం కాదని నిరూపించడానికి ఆ ఉండతో బల్ల మీద టక్‌టక్‌మని కొట్టి చూపించాను. ఆయన ఇంకో ఆయన్ని పిలిచాడు. ఆ రెండో ఆయన వాసన చూసి, కళ్లు చికిలించి, వెంటనే పంపించెయ్యమన్నాడు.

అరోరా

దనియార్ నేను దిగిన మోటెల్‌కి వచ్చి తీసుకెళ్లాడు. ఇరవై ఏడేళ్లవాడు, నెమ్మదస్తుడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. వాళ్ల టీమ్‌లో ఆరుగురు తెలుగువాళ్లట. "మీ వాళ్ల లంచ్‌బాక్సుల వల్ల నాకు ఆవకాయ అలవాటైంది" అన్నాడు.

ఇంట్లో పెద్దావిడ దమెత్. ఎనభై ఒక్క ఏళ్లు. ఆ వయసు ఆడవాళ్లను 'అపా' అనాలి. దనియార్ మాత్రం రష్యన్‌లో "మామా" అంటాడు, అంటే అమ్మ. భర్త పోయాక ఆరేళ్ల కిందట కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఐజాన్ పంపిన శాలువా విప్పి, అంచులు వేళ్లతో నలిపి చూసి, భుజాల మీద వేసుకుంది. "మంచి ఉన్ని. పిల్ల చెయ్యి పొదుపైనది కాదు" అంది. అది మెచ్చుకోలని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

అది శుక్రవారం. దనియార్ ఆఫీసుకి వెళ్లాడు. అపా నా కాగితం మీద సంతకం పెట్టి, పేర్లు మొదలుపెట్టింది. దనియార్ తండ్రి సేరిక్, అంటే పోయిన తన భర్త. సేరిక్ తండ్రి ఒకరు, ఆయన తండ్రి ఇంకొకరు. కళ్లు మూసుకుని చెప్తోంది. నేను రాసుకుంటున్నాను.

"ఏడోవాడు బైమురత్" అంది. "మంచులో మంద వెతికి పాదం పోగొట్టుకున్నాడు."

నా పెన్ను ఆగింది. ఎంతసేపో కాదు, ఊపిరి పీల్చుకునేంత. కానీ తల ఎత్తేసరికి అపా కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

"ఈ పేరు విన్నావు" అంది.

నేను కాగితం మీదికి వంగాను.

"ఆ పిల్ల ఇంటి నుంచే కదా వస్తున్నావు."

"ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకూడదు అపా. సంతకం పెట్టి వచ్చాను."

"చెప్పకు. నేను అడగడం లేదు" అంది. ఆ మాట కోపంగా అనలేదు. లేచి టీ పెట్టడానికి వెళ్లింది. నీళ్లు మరుగుతున్నంతసేపూ కిటికీ దగ్గరే నిలబడింది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెప్తున్నాను: మీకు చెప్పిన మాట మీది కాదు, దాన్ని దాటించకండి అని. నేను ఒక్క మాట దాటించలేదు. అయినా దాగలేదు. మోటెల్‌కి తిరిగొచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఐజాన్‌కి ఎనిమిదోవాడు, దనియార్‌కి ఏడోవాడు. ఇద్దరికీ ఏడు దాటాలి, అతనికి దాటలేదు. ఆదివారం మరాత్ ఫోన్ చేస్తాడు, ఆ పేరు వింటాడు, ఒప్పుకోడు. అందులో నేను చెయ్యగలిగింది ఏమీ లేదనుకున్నాను. తప్పుగా అనుకున్నానని మర్నాడు తెలిసింది.

శనివారం అపా మళ్లీ రమ్మంది. దనియార్ కూరగాయలకు వెళ్లాడు. ఆవిడ నా ఎదురుగా కూచుని, "నువ్వు చదువుకున్నదానివి. నిన్న ఒక ప్రశ్న అడగలేదు" అంది.

"ఏం ప్రశ్న అపా?"

"దనియార్‌ని ఎవరు కన్నారని."

అప్పుడు వెలిగింది. పుస్తకాల్లో చదివిందే, అల్మాతీలో చూసిందే. కజక్‌లలో పెద్ద కొడుక్కి పుట్టిన మొదటి బిడ్డను తాతా నాయనమ్మా తెచ్చుకుని తమ బిడ్డగా పెంచుకుంటారు. ఆ బిడ్డకి తాతే తండ్రి, నాయనమ్మే తల్లి. కన్నతండ్రిని అన్నయ్యంటాడు. ఇందులో దాపరికం లేదు, ఊరందరికీ తెలుసు. కానీ పైకి ఎవరూ అనరు. ఎనభై ఒక్క ఏళ్లావిడకి ఇరవై ఏడేళ్ల కొడుకేమిటని నాకు తోచనే లేదు.

"మా పెద్దవాడు అస్కర్‌కి పుట్టాడు. నలభై రోజులు నిండగానే తెచ్చుకున్నాం. మా ఆయన పోయినప్పుడు కూడా ముందు నిలబడి ఏడ్చింది అస్కర్ కాదు, వీడే. కొడుకులా." శాలువా అంచు సర్దుకుంది. "పెరిగిన లెక్కలో బైమురత్ వీడికి ఏడోవాడు. పుట్టిన లెక్కలో ఎనిమిదోవాడు."

ఎనిమిదో లెక్క చెప్పండి, చాలు, వాళ్లకీ ఎనిమిదే అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. పళ్లు బిగించుకుని కూచున్నాను. ఆ బిగింపు కూడా ఆవిడ చదివేసి ఉంటుంది.

"వీడిని ఎవరి ముందూ ఎప్పుడూ మనవడని అనలేదు. అస్కర్ భార్య ముందు కూడా" అంది. నేను వెళ్లేటప్పుడు, "రేపు నువ్వూ ఉండు" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అపాకి చెవుడు కాబట్టి స్పీకర్ పెట్టారు. దనియార్ వంటగట్టు దగ్గర గిన్నెలు తుడుస్తున్నాడు. మరాత్ ముందు ఆరోగ్యం అడిగాడు, చలి అడిగాడు, మోకాళ్లు అడిగాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "చెప్పండి అపా, వింటాను" అన్నాడు.

అపా వెన్ను నిటారుగా చేసుకుంది.

"దనియార్ నా మనవడు" అంది. "వాడి తండ్రి అస్కర్, నా పెద్ద కొడుకు. అస్కర్ తండ్రి సేరిక్."

గిన్నెల చప్పుడు ఆగింది. దనియార్ ఇటు తిరిగి ఆవిడ వంక చూస్తున్నాడు. ఆవిడ అతని వంక చూడలేదు. మిగతా పేర్లు ఒక్కొక్కటే, శుక్రవారం కంటే నెమ్మదిగా చెప్పింది. "ఎనిమిదోవాడు కుంటి బైమురత్" అని ఆగింది.

హెర్న్‌డన్‌లో ఆ బల్ల చుట్టూ ముగ్గురూ ఎలా కూచుని ఉంటారో నాకు కనిపిస్తూనే ఉంది.

"మాకూ బైమురత్ ఎనిమిదోవాడే" అన్నాడు మరాత్ చివరికి. "ఏడు దాటింది. అయితే మీరు నాకు పెద్దమ్మ వరస అవుతారు అపా. ఇన్నాళ్లూ ఈ దేశంలో నాకు చుట్టం లేదనుకున్నాను."

వెనక గుల్‌నార్ ఏదో అంది, ఐజాన్ ఏడుపో నవ్వో వినిపించింది. అపా వాళ్లకు దీవెన చెప్పింది. ఫోన్ దనియార్ చేతికిచ్చి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అతను ఐజాన్‌తో రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డాడు. నేను కోటు వేసుకుని, మోటెల్ దాకా నడిచి వెళ్లిపోయాను.

ఓహేర్ దారి

పెళ్లి మరుసటి వసంతంలో హెర్న్‌డన్‌లో జరిగింది. నేను వెళ్లలేకపోయాను. గుల్‌నార్ ఫోన్ చేసి, "ఎందుకు రాలేదు? అల్లరి పిల్ల" అని తెలుగులో తిట్టింది. గ్రాంటు రిపోర్టులో ఆ రెండు ఇళ్ల వంశావళులూ పేర్లు తీసేసి, అంకెల కింద, దూరదూరంగా ఉన్నాయి. నా పెన్ను ఆగడం వల్లే అపాకి ఆలోచించుకోవడానికి రెండు రోజులు దొరికాయి. ఆగకపోతే ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే కొడుకనే చెప్పేది, మరాత్ కాదనేవాడు. అది మేలా, తప్పా? రిపోర్టులో ఒక పేజీ దీని గురించే రాశాను. జవాబు మాత్రం రాయలేకపోయాను.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు, సోమవారం ఉదయం దనియార్ నన్ను ఓహేర్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాడు. దారంతా మొక్కజొన్న కోసేసిన పొలాలు. చాలా దూరం పోయాక తనే మొదలుపెట్టాడు.

"నిన్న సాయంత్రం తలుపు తీసింది. 'ఇక నన్ను ఏమని పిలుస్తావు?' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేకపోయాను. తను కూడా ఇంక అడగలేదు. సూప్ వేడి చేసి పెట్టింది."

ఎయిర్‌పోర్టులో కారు పార్క్ చేశాక అతని సంతకం మిగిలిపోయిందని గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారో, పెద్దావిడకి ఎవరు ఏమవుతారో రాసుకునే కాగితం. అపా వివరాలన్నీ నింపాను. దనియార్ పేరు పక్కన 'ఏమవుతాడు' అన్న గడి ఖాళీగా వదిలేశాను. అతను కాగితం స్టీరింగ్ మీద పెట్టుకుని చదివాడు. ఖాళీ గడి దగ్గర వేలు పెట్టాడు.

"ఇది ఎవరు చూస్తారు?"

"నేనొక్కదాన్నే. ఆ తర్వాత పేర్లు ఉండవు, అంకెలే."

"ఐజాన్ వాళ్ల నాన్న?"

"చూడరు."

నా పెన్ను తీసుకుని ఆ గడిలో రష్యన్‌లో రాశాడు: కొడుకు. కింద సంతకం పెట్టాడు. ఇవ్వబోయి ఆగి, "దీన్ని ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగాడు.

"నీ కాగితమే కదా, తీసుకో" అన్నాను.

ఫోన్‌తో ఫోటో తీసి, అక్షరాలు స్పష్టంగా వచ్చాయో లేదో పెద్దది చేసి చూసుకున్నాడు.

"ఇంటికెళ్లి మామాకి చూపిస్తాను" అన్నాడు.